చెల్లెలు ఏరుకున్న బోరు ముక్క

పర్చూరు చుట్టుపక్కల, అడక్కుండానే చెల్లెలికి పొలంలో సగమిచ్చిన అన్నని నేనొక్కణ్ణే.

పెద్దవాడు పంచాలి, చిన్నవాళ్లు ముందు ఏరుకోవాలి. అది మా పద్ధతి. నాన్న వదిలిన మిరప పొలాన్ని కిందటి వేసవిలో రెండు ముక్కలు చేసి, "రోడ్డు పక్కది తీసుకోవే సుబ్బులూ, రేపు ప్లాట్లేసుకోవచ్చు," అన్నాను. బోరున్న ముక్క నాకు మిగలాలని నా ఎత్తు. అదేమో పెద్దమనుషుల ముందే బోరు పైపు మీద చెయ్యేసి, "నాకిది చాలన్నయ్యా," అంది.

ఈ ఏడు దాని చేను ఎర్రగా విరగకాసింది. నాది వాడిపోతోంది. నీళ్లడగడానికి నోరు రాక, డెబ్భై దాటిన మనిషిని, రోజూ గట్టు మీద నిలబడి ఆ ఎరుపు చూసి కుళ్లుకునేవాణ్ణి. ఒక సాయంత్రం వెనకనుంచి సుబ్బులు గొంతు వినపడింది.

"నువ్వెంత ఏడ్చినా నీ చేను తడవదన్నయ్యా. జరుగు, పైపు వెయ్యనీ."

కాయలు కోసే కూలీలంతా నవ్వారు. తలెత్తలేకపోయాను. చేను మాత్రం బతికింది.

ఇదంతా రాసి దానికి చదివి వినిపించాను. 'అడక్కుండానే' అన్నది కాస్త పెంచానని, ఒక్కసారి అడిగిందని ఒప్పుకున్నాను కూడా.

"ఒక్కసారా? లాయరు నోటీసు పంపిందాకా కదిలావా? నువ్విచ్చిందేం లేదు, అది నా హక్కు. అడక్కుండా ఇచ్చింది నేను, నీళ్లు. అలా రాయి."