చంద్రమౌళి గారికి దక్కని కష్టం

లోకంలో మామూలు అసూయపరులు పక్కవాడి సుఖం చూసి కుళ్ళుకుంటారు. పోర్ట్ బ్లెయిర్ ఊళ్ళో గరాచర్మ పేటలో ఉండే కాంట్రాక్టరు చంద్రమౌళి గారు అంత చవకబారు మనిషి కాదు. ఆయన పక్కవాడి కష్టం చూసి కుళ్ళుకునేవారు. ఎవరికైనా ఆపద వచ్చిందని తెలియగానే ఆయన ముఖం వాడిపోయేది. కొత్తవాళ్ళు దాన్ని సానుభూతి అనుకుని పొరబడేవారు. నిజానికి అది, అంత నాణ్యమైన ఆపద తన గుమ్మం దాటిపోయి ఎవడో అనామకుడి ఇంట్లో ఎలా దూరిందా అన్న ఆవేదన.

ఎదురింటి సత్యారావు పన్ను పీకించుకుని, దవడ పట్టుకుని ఆటో దిగాడు. చంద్రమౌళి గారు గేటు దగ్గరే ఆపారు.

"ఎన్ని?"

సత్యారావు వేలు ఒకటి చూపించాడు.

"ఒకటేనా! దానికి ఆటో కూడానా?" అని చంద్రమౌళి గారు నోరు తెరిచి, తనకు లేని పళ్ళన్నీ వరసగా చూపించారు. మత్తు దిగని సత్యారావు ఆ ఖాళీలన్నీ చూసి, తన ఖాళీకి సిగ్గుపడి ఇంట్లోకి వెళ్ళిపోయాడు.

వేసవిలో కుళాయిలు ఎండిపోయి వీధంతా బిందెలతో రోడ్డెక్కినప్పుడు, ఖర్మకాలి చంద్రమౌళి గారి కుళాయిలో ముందుగా నీళ్ళు వచ్చాయి. ఆయన ఆ అవమానం బయటికి పొక్కకుండా, ధార చప్పుడు వినపడకూడదని కుళాయి మూతికి తువ్వాలు కట్టారు. ఈ సంగతి ఆయన భార్య లక్ష్మీకుమారి చెబితేనే బయటపడింది.

ఇటువంటి మహానుభావుడి పక్కింట్లో ఉండటం మోహన్‌కృష్ణ జాతకంలో రాసి ఉంది. మోహన్‌కృష్ణకి మిడిల్ పాయింట్ బజారులో ఫ్యాన్లు, లైట్లు అమ్మే దుకాణం. నెమ్మదస్తుడు. ఒక్క కష్టమైనా పూర్తిగా తనదే అనిపించుకుందామని అతని కోరిక. చంద్రమౌళి గారు బతికుండగా అది తీరే కోరిక కాదు.

మోహన్‌కృష్ణ జీవితంలో ఒకే ఒక దుబారా ఉండేది. అది ఎర్రటిది, రెండు తలుపులది, ఇరవై ఏళ్ళు దాటినది. బదిలీ మీద వెళ్ళిపోతున్న ఒక నౌకాదళ అధికారి దగ్గర కొన్నాడు. వయసులో ఉండగా రేసుల్లో పరిగెత్తిన జాతి కారు. గంటకి రెండు వందల పైన పోగలదని దాని మీటరే చెప్పేది. పోర్ట్ బ్లెయిర్‌లో ఐదో గేరు వేసేలోపు రోడ్డు అయిపోయి సముద్రం వస్తుంది. కాబట్టి ఆ మాట నిజమో అబద్ధమో ఎవరూ తేల్చలేదు. ఆదివారం తెల్లవారుతూనే బ్రూక్షాబాద్ దాకా వెళ్ళి, టర్బో వేసే ఈల చెవినిండా వినివచ్చాడంటే, ఆ వారం దుకాణంలో ఎవరెంత గీసి బేరమాడినా మోహన్‌కృష్ణ విసుక్కునేవాడు కాదు.

ఆ కారు కొన్నప్పుడు చంద్రమౌళి గారు అసూయపడలేదు. నెల తిరక్కుండా దాని క్లచ్చి పోయినప్పుడు పడ్డారు. ఆ తర్వాత చెన్నై నుంచి వచ్చిన ఓడలో చంద్రమౌళి గారి కోసం అచ్చు అలాంటి కారే, నీలం రంగుది, దిగింది.

"నీ దానికంటే పాతదిరా మోహనా," అన్నారు చంద్రమౌళి గారు ఛాతీ పొంగిస్తూ. "చూస్తూ ఉండు, ఎలా చెడిపోతుందో!"

అది చెడిపోలేదు. వానకి, ఉప్పుగాలికి, గతుకులకి దేనికీ చలించలేదు. గోడకి అటుపక్క చంద్రమౌళి గారు ఎర్ర కారు రోగాలు చూసి, ఇటుపక్క మోహన్‌కృష్ణ నీలం కారు ఆరోగ్యం చూసి, ఎవరి వాటా అసూయ వాళ్ళు పడుతూ కాలక్షేపం చేసేవారు.

ఇలా ఉండగా ఒక ఆదివారం, బ్రూక్షాబాద్ ఎత్తు ఎక్కుతున్న ఎర్ర కారు పొట్టలోంచి టకటకమని చప్పుడు మొదలైంది. యాక్సిలరేటరు నొక్కితే పెరుగుతోంది, వదిలితే తగ్గుతోంది. మోహన్‌కృష్ణ చెమటలు కక్కుతూ దాన్ని ఇల్లు చేర్చాడు.

భార్య హిమబిందు షెడ్డు గుమ్మంలో నిలబడి తీర్పు చెప్పింది.

"పైపైన పోయిందంటే బాగు చేయించుకో, కాదనను. ఇంజను లోపల పోయిందంటే మాత్రం ఆ ఖర్చు మన వల్ల కాదు. వచ్చే ఓడకి ఎక్కించి అమ్మేద్దాం. హాల్లో నీ ఫ్యాన్ల డబ్బాల మధ్య అడ్డంగా నడుస్తున్నాం. ఈ షెడ్డయినా దక్కుతుంది."

మాటలో అన్యాయం లేదు.

మోహన్‌కృష్ణ చేపల పడవల ఇంజన్లు చూసే పైడిబాబుని పిలిపించాడు. పైడిబాబుకి తన విద్య మీద అపారమైన గౌరవం. పరీక్ష చేసేటప్పుడు చుట్టూ నలుగురు లేకపోతే అతనికి చెయ్యి ఆడదు. నలుగురూ పోగయ్యాక ఇంజను స్టార్ట్ చేయించి, ఒక్కో ప్లగ్గు వైరూ పీకి మళ్ళీ పెడుతూ వచ్చాడు. మొదటిది పీకినా టకటకే. రెండోది పీకినా టకటకే. మూడోది పీకగానే చప్పుడు సన్నగిల్లింది.

"దొరికాడు దొంగ!" అన్నాడు పైడిబాబు. "మూడో పిస్టన్ కింద కూకున్నాడు."

గోడమీంచి చంద్రమౌళి గారి తల లేచింది. "ఏటయిందిరా? పెద్దదేనా?"

"ఇంకా తెలీదు బాబాయ్."

"చిన్నదే అయ్యుంటుంది," అన్నారాయన ఆశగా.

పైడిబాబు ఇంజనాయిలు పళ్ళెంలోకి దింపి ఎండలో పెట్టాడు. నల్లటి నూనెలో సన్నటి తళుకు.

"సూడు భయ్యా, చేప పొలుసునాగ ఎలా మెరస్తందో! బేరింగు అరిగిపోయి నూనెలో కలిసిపోతంది. దాంతోపాటు అందులో తిరిగే ఇరుసు, క్రాంకు కూడా గీకేసుంటాది. పైన ఏటీ నేదు. లోపలే. బిల్కుల్ లోపలే."

హిమబిందు వెంటనే ఓడ ఎప్పుడుందో కనుక్కోవడానికి ఫోను తీసింది.

చంద్రమౌళి గారు గోడ దూకినంత పని చేశారు. "పైడిబాబూ! మాది కూడా చూడు. అవే పరీక్షలు. ఒక్కటీ తగ్గకూడదు."

నీలం కారుకి వైర్లు పీకారు. చప్పుడు లేదు. నూనె దింపారు. తళుకు లేదు. చంద్రమౌళి గారు పళ్ళేన్ని ఎండలో ఈ పక్కకీ ఆ పక్కకీ వంచి వెతికారు.

"ఇదిగో, మెరిసింది!"

"అది నీ ఉంగరం బాబూ," అన్నాడు పైడిబాబు. "నీ ఇంజను గుర్రం. ఇంకో ఇరవయ్యేళ్ళు దౌడు తీస్తాది."

"తిట్టకురా," అని చంద్రమౌళి గారు అరుగు మీద కూలబడ్డారు.

మోహన్‌కృష్ణ ఆ గుర్రం వంక చూశాడు. చూసుకోవడం చేతకాని మనిషికి చావులేని ఇంజను! ప్రాణం పెట్టి చూసుకునేవాడికి పళ్ళెంలో పొలుసులు!

"క్రాంకు దొరుకుతుందా?" అని అడిగాడు.

"ఈ కారు సామాను చెయ్యడం ఎప్పుడో మానేసినారు భయ్యా. చెన్నైలో అడిగినాను, నవ్వినారు. ఈ దీవుల్లో ఇలాంటిది ఇంకొక్కటే ఉంది." పైడిబాబు గోడ వంక చూసి గొంతు తగ్గించాడు. "కానీ మా రేవులో కట్టుబాటు తెలుసు గదా. చచ్చిన ఇంజన్లోంచి ఎవుడికి కావలసింది ఆడు ఇప్పుకెళ్ళొచ్చు. డబ్బు మాట ఎత్తకూడదు, దండం పెట్టకూడదు. తిరుగుతున్న ఇంజన్లోంచి ముక్క అడిగినోడితో మాత్రం రేవులో ఎవుడూ మాటాడడు. బతికున్నదాన్ని అడగలేం."

గొంతు తగ్గించానని పైడిబాబు అనుకున్నాడు. జీవితమంతా డీజిలింజన్ల పక్కన మాట్లాడిన గొంతు అది. సందు చివరి దాకా వినిపించింది.

మర్నాడు పొద్దున్నే పక్కింట్లోంచి కేక. "పోయింది! నాది కూడా పోయింది!"

వీధంతా పరిగెత్తింది. చంద్రమౌళి గారు నీలం కారు పక్కన కుర్చీ వేయించుకుని, భుజాన తువ్వాలుతో, వచ్చినవాళ్ళని అందుకుంటున్నారు.

"అలా స్టార్ట్ చేశానో లేదో, లోపల్నుంచి ఒకటే దబదబ! మోహనుది టకటకే కదా? మాది దబదబ. దానికీ దీనికీ పోలికా?"

నిన్నటి దాకా ఎర్ర కారు చుట్టూ చేరి జాలిపడిన జనమంతా గోడ దాటేశారు. సత్యారావు కుర్చీ కూడా తెచ్చుకున్నాడు. మోహన్‌కృష్ణ ఆఖరున గోడ దాటాడు. తన ఇంజను ఇంకా ఓడైనా ఎక్కలేదు. ఈలోపే దాని చావు కూడా పాతబడిపోయింది!

"ఒకసారి స్టార్ట్ చేయండి బాబాయ్, నేనూ వింటాను," అన్నాడు గడుసుగా.

చంద్రమౌళి గారు తాళం జేబులోకి తోసేశారు. "పోయినవాణ్ణి లేపి కూర్చోబెట్టమంటావా? మనిషివేనా?"

పైడిబాబు వచ్చాడు. బానెట్టు వంక చూశాడు. చంద్రమౌళి గారి వంక ఇంకాస్త ఎక్కువసేపు చూశాడు. బానెట్టు ఎత్తకుండానే టోపీ తీసి, "ఖతమ్," అన్నాడు.

"అయితే కావలసింది పీక్కుపొండి," అన్నారు చంద్రమౌళి గారు. "శవాన్ని ఇంటిముందు ఎన్నాళ్ళు పెట్టుకోను?"

ఆఖరికి తన కారు బతకడానికి కూడా ఈయనకి తనకంటే పెద్ద ఆపద రావాల్సి వచ్చిందా అని మోహన్‌కృష్ణ పళ్ళు నూరుకుంటూనే స్పానర్లు అందించాడు. రెండు ఇంజన్లూ విప్పారు. బేరింగులు కిరసనాయిలులో కడిగే పని అతనికి పడింది. ఎర్ర కారుది కడిగాడు. పైపూత లేచిపోయి, రాగి బయటపడి, పిల్లి గీకినట్టు చారలు. నీలం కారుది కడిగాడు. తుడిచాడు. మళ్ళీ తుడిచాడు. అందులో తన ముఖం కనిపించింది. ఆ ముఖం నోరు తెరుచుకుని ఉంది.

"పైడిబాబూ, ఇది చచ్చిన ఇంజనుదా?"

"నన్నడక్కు భయ్యా. చెప్పనని ఒట్టేయించుకున్నాడు." పైడిబాబు నాలిక కరుచుకున్నాడు. "ఒట్టేయించుకున్నాడని కూడా చెప్పకూడదని ఇంకో ఒట్టుంది."

మోహన్‌కృష్ణ ఆ బేరింగుని చాలాసేపు గుడ్డతో తుడుస్తూ కూర్చున్నాడు. తుడవడానికి అందులో ఏమీ లేదు.

నీలం కారు క్రాంకు, బేరింగులు వేసుకుని ఎర్ర కారు లేచి నిలబడింది. హిమబిందు చప్పుడు విని, "లోపల పోయిందన్నారుగా?" అని అడిగింది. "లోపలంతా ఇప్పుడు వేరే లోపల అమ్మా," అన్నాడు పైడిబాబు. ఖర్చు లేని వైద్యం కనుక ఆవిడ ఓడ వాళ్ళకి వద్దని ఫోను చేసి, ఫ్యాన్ల డబ్బాల మధ్యనుంచి మళ్ళీ అడ్డంగా లోపలికి నడిచింది.

మోహన్‌కృష్ణ ఒక చుట్టు తిరిగివచ్చి పక్కింటి గేటు దగ్గర ఆపాడు. చంద్రమౌళి గారు బోలుగా మిగిలిన నీలం కారుకి ఆనుకుని, కళ్ళు మూసుకుని టర్బో ఈల వింటున్నారు. అలికిడికి గబుక్కున కళ్ళు తెరిచి ముఖం చిట్లించారు.

డబ్బు మాట ఎత్తకూడదు. దండం పెట్టకూడదు. ఇక ఈ మనిషికి ఇవ్వగలిగింది లోకంలో ఒక్కటే ఉంది. మోహన్‌కృష్ణ అసూయనంతా దిగమింగి, వీధి అంతా వినేలా అన్నాడు.

"ఒప్పుకుంటున్నాను బాబాయ్. ఈ దీవుల్లో మీకొచ్చినంత కష్టం ఇంకెవరికీ రాలేదు. మీ ముందు నాదసలు కష్టమే కాదు."

ఆయన ఎన్నాళ్ళనుంచో ఎదురుచూసిన బిరుదు అది. సత్యారావు చప్పట్లు కొట్టబోయాడు. చంద్రమౌళి గారు మాత్రం ఎర్ర కారు వంక చూసి, దగ్గి, తల తిప్పుకున్నారు.

"పోరా. అదీ ఒక కష్టమేనా?"

చేపలు కడుగుతున్న లక్ష్మీకుమారి చేతిలోంచి గిన్నె జారింది. కాపురానికి వచ్చింది మొదలు ఆయన నోట అటువంటి మాట ఆవిడ ఎరగదు. తడిచేతులు చీరకి తుడుచుకుంటూ పరిగెత్తుకొచ్చి మొగుడి నుదుటి మీద చెయ్యి వేసింది.

"ఏటండీ ఆ మాటలు? జ్వరమేటన్నా తగిలిందా?"

చంద్రమౌళి గారి ముఖం వెలిగిపోయింది.

"తగిలే ఉంటుంది," అన్నారు కుర్చీలోకి జారుతూ. "సత్యారావుని పిలిచి చెయ్యి వేసి చూడమను. పోయిన నెల వాడికొచ్చిన జ్వరం కంటే ఇది పెద్దది."