సారా కొట్టు కోడలి రెండో టవరు

ఆమె ట్యాంకరు వెనకాల "సారా కొట్టు కోడలు" అని బారెడు అక్షరాలతో రాసి ఉంటుంది. అది వీధివాళ్లు పెట్టిన పేరు. మామగారు సారా కాచి అమ్మే రోజుల్లో ఆ ఇంట్లో అడుగుపెట్టింది కాబట్టి అబద్ధమూ కాదు. ఆయన పోయాక ఆమె తాగే సరుకు మానేసి, అదే షెడ్డులో పెట్రోలులో కలిపే ఇథనాల్ తీయడం మొదలుపెట్టింది. సరుకు మారింది గానీ వీధి నోరు మారలేదు. ఒకరోజు పెయింటరును పిలిపించి ఆ పేరే రాయమంది. అతను నసిగాడు.

"వాళ్లు చాటున అనుకుంటున్నారు, నేను రోడ్డు మీద తిప్పుతాను. ఇక గుసగుసలాడడానికి వాళ్లకేం మిగులుతుంది? రాయి" అంది.

భర్త బాయిలరు చూసుకుంటాడు. మాటల పని మొత్తం ఆమెకే వదిలేశాడు. ఆ పనిలో ఆమెకు ఎన్నడూ కొరత లేదు. మైకు ఉందని తెలిస్తే చాలు, రైతుల సమావేశమైనా, మెకానిక్కుల సంఘమైనా, స్థానిక రేడియో అయినా వెళ్లి కూర్చునేది. ఇథనాల్ కలిపిన పెట్రోలు ఎందుకు వాడాలో చెప్పేది. తిట్టినా చెప్పేది, నిద్రపోతున్నా చెప్పేది. ఒక సభలో ఎవరో లేచి, "తినే గింజను తగలబెడుతున్నావు, పాపం తగలదా?" అని నిలదీశాడు. ఆమె సంచిలోంచి గుప్పెడు గింజలు తీసి బల్ల మీద పోసింది. వానకు తడిసి, నల్లబడి, ముక్క వాసన కొడుతున్న గింజలు. మిల్లులు పారబోసేవి అవే, ఆమె కొనేవీ అవే.

"ఇవి వండి పెట్టండి బాబూ. మీ ఇంట్లోనే భోంచేసి వెళతాను" అంది. అతను కూర్చున్నాడు.

ఆ గింజలను పిండి చేసి, ఉడికించి, ఈస్టు వేసి పులియబెడతారు. పులిసిన దాన్ని టవరులో కాచి ఆవిరి పడతారు. అక్కడితో అయిపోదు. మిగిలిన కాస్త తడిని లాగేయడానికి దాన్ని సన్నటి పూసలు నింపిన గొట్టాల్లోంచి పంపుతారు. సగం ఖర్చూ సగం తలనొప్పీ ఆ చివరి తడి దగ్గరే. ఆ షెడ్డులో నీళ్లంటే పగవాడి కింద లెక్క.

పెరటి వైపు రెండో టవరు కట్టింది. కట్టిందే గానీ వెలిగించలేదు. పెద్ద రోడ్డు మీది పెట్రోలు బంకు యజమాని మాట మీద ఆ టవరు నిలబడి ఉంది. "టాక్సీలవాళ్లు ఒప్పుకుంటే నువ్వెంత తీస్తే అంత కొంటాను. వాళ్లు కాదంటే నేనేం చేసుకోను, తలకు రాసుకోనా?" అన్నాడాయన. టాక్సీలవాళ్లు ఒప్పుకోకపోతే ఆ టవరు పావురాలకు ఇల్లు అవుతుంది. అందుకని టాక్సీ స్టాండులో సంఘం మీటింగు పెట్టించింది. చెవులతో వినడం కాదు, కారు నడిపి చూపించాలన్నారు వాళ్లు. సరేనంది.

కారు ఇస్తానన్నది హారను. పది గజాలకోసారి హారను కొట్టే డ్రైవరు కావడంతో అందరూ అతన్ని అలాగే పిలుస్తారు. ముందుగానే ట్యాంకు ఖాళీ చేసుకుని వచ్చాడు. ఆమె మరిది కొత్త క్యాను మోసుకొచ్చి, అందరూ చూస్తుండగా కలిపిన పెట్రోలును చివరి చుక్కదాకా కారులోకి వంచాడు.

హారను తలుపు వేసుకుని, హారను కొట్టుకుంటూ స్టాండు చుట్టూ తిరిగాడు. ఒక చుట్టు బాగానే తిరిగింది. రెండో చుట్టులో కారు దగ్గింది. ఇంకోసారి దగ్గింది. సరిగ్గా సంఘం ప్రెసిడెంటు కుర్చీ ముందుకొచ్చి ఆగిపోయింది.

"పడిపోయిందిరోయ్! మోతాదు ఎక్కువైంది!"

"నిమ్మరసం పట్టండి, లేస్తుంది!"

"ఇంటికెలా తీసుకెళతావు హారనన్నా, భుజం మీద వేసుకుంటావా?"

స్టాండంతా నవ్వు. హారను మాత్రం కారు దిగలేదు. స్టీరింగు పట్టుకుని ఎర్రబడ్డ మొహంతో కూర్చున్నాడు.

ఆమె నవ్వులను పట్టించుకోకుండా బానెటు ఎత్తించింది. గొట్టం ఊడదీయించి ఖాళీ సోడా సీసాలోకి కాస్త పట్టించి, ఎండకెత్తి చూసింది. సీసాలో రెండు పొరలు. పైన పెట్రోలు, అడుగున ఇంకేదో. మధ్యలో గీత గీసినట్టుంది. ఆమె సీసా దించి మరిది వైపు తిరిగింది.

"క్యాను కడిగావా?"

"ఎందుకు కడగను వదినా? పెద్ద రోజు కదా అని రెండుసార్లు కడిగాను. తళతళలాడిపోయింది."

"ఆరబెట్టావా?"

మరిది క్యాను వంచి లోపలికి తొంగిచూశాడు. కడగడం వాళ్ల నాన్న దగ్గర నేర్చుకున్న పని. కడగని క్యానులో సరుకు పోస్తే పెద్దాయన వీపు విమానం మోత మోగించేవాడు. ఆరబెట్టమని ఎన్నడూ అనలేదు. సారాలో నాలుగు గ్లాసుల నీళ్లు కలిస్తే తాగేవాడు కేసు పెట్టడు. కానీ ఈ పెట్రోలు తీరు వేరు. నీళ్లు తగిలితే అందులోని ఇథనాల్ పెట్రోలును వదిలేసి నీళ్లతో చేరి అడుగుకు దిగిపోతుంది. అడుగున ఉన్నదే ముందు ఇంజనుకు వెళుతుంది.

మీటింగు చూడ్డానికి వచ్చిన బంకు యజమాని ఆమె దగ్గరికొచ్చి గొంతు తగ్గించాడు. "కారు పాతదని చెప్పేయమ్మా. ఫిల్టరు మూసుకుపోయిందను. ఎవడు చూడొచ్చాడు?"

ఆమె కారులోకి చూసింది. హారనుకు ఆ మాట వినబడింది. ఆమె మైకు అందుకుంది.

"కారు బంగారంలా ఉంది. తప్పు మాది. తడి క్యానులో పోశాం. సారా కొట్టు బుద్ధి పోలేదు మాకు, నవ్వండి." సీసా పైకెత్తింది. "నవ్వడం అయ్యాక ఇది చూడండి. మా క్యానులో తడి ఉంటే కారు ఆగింది. మరి బంకుల్లో నేల కింద ట్యాంకులున్నాయి కదా, వాటి అడుగున వాననీళ్లు లేవని ఎవరు చూశారు? ఇన్నాళ్లూ ఎవరికీ పట్టలేదు. ఇకమీద పట్టాలి." బంకు యజమాని వైపు తిరిగింది. "మీ ట్యాంకు ఆరబెట్టి నాకు చూపించండి. చూపించేదాకా నా సరుకు చుక్క కూడా అందులో పడదు."

"నా బంకునే అంటావా? నీకు దిక్కయిందే నేను! పో, ఆ టవరుకు బట్టలు ఆరేసుకో!" కండువా దులుపుకుని ఆయన వెళ్లిపోయాడు.

ప్రెసిడెంటు తల గోక్కున్నాడు. "బాగుందక్కా. కొనేవాణ్ని నువ్వే తరిమేశావు. మేమెక్కడ పోయించుకోవాలి?"

"నా షెడ్డు గేటు దగ్గర" అంది. ఆ క్షణం దాకా ఆ ఆలోచన ఆమెకే లేదు.

ఒప్పుకునేవాళ్లను చేతులెత్తమన్నారు. వేళ్ల మీద లెక్కపెట్టేటన్ని లేచాయి. హారను రెండు చేతులూ ఎత్తాడు.

"రెండెత్తినా ఓటు ఒక్కటే రా!"

"ఒకటి నాది, ఒకటి నా కారుది" అన్నాడు హారను. ఓటింగులో ఆమె ఓడిపోయింది.

గేటు దగ్గర కలిపిన పెట్రోలు అమ్మే పంపు పెట్టడానికి ఆమె ఎక్కని ఆఫీసు మెట్టు లేదు. "మీకెందుకమ్మా ఈ గోల?" అన్న ప్రతి గదిలోనూ కుర్చీ లాక్కుని కూర్చుంది. చివరికి అనుమతి వచ్చింది. మొదటి రోజు మొదట వచ్చిన బండి హారనుది. వీధి చివరి నుంచే తెలిసింది.

అక్కడొక పద్ధతి పెట్టింది. రోజూ పంపు తీసే ముందు దాని ట్యాంకు అడుగు నుంచి సీసాడు పట్టి గేటు మీద నిలబెడుతుంది. గీత కనిపిస్తే ఆ రోజు అమ్మకం లేదు. నవ్వినవాళ్లలో ఒకడు ఆ సీసా చూడ్డానికని వచ్చి ట్యాంకు నింపుకుని వెళ్లాడు. ఇంకొకడు వచ్చాడు. కొన్నాళ్లకు గేటు ముందు బండ్ల వరసతో వీధి ఇరుకైంది. వీధివాళ్లు దానికీ తిట్టారు. రెండో టవరు వెలిగింది.

ఆ తర్వాత బంకు యజమాని కబురు పెట్టాడు. ట్యాంకు శుభ్రం చేయించాను, సరుకు పంపమన్నాడు.

ఆమె సరుకు పంపలేదు, తనే సీసా పట్టుకుని వెళ్లింది. ఆయన ట్యాంకు అడుగు నుంచి పట్టించి ఎండకెత్తింది. సన్నటి గీత.

"కొంచెమే కదమ్మా" అన్నాడు.

"కారు ఆగిపోవడానికి అది చాలు. ఆరాక పిలవండి" అని సీసా ఆయన బల్ల మీద పెట్టి ట్యాంకరెక్కింది.

దారిలో ట్యాంకరు నడుపుతున్న మరిది ఉండబట్టలేక అడిగాడు. "ఒప్పుకుంటే పోయేది కదా వదినా? అంత పెద్ద బంకు!"

"టవరు వెలుగుతోందా లేదా?"

"వెలుగుతోంది."

"మరి పోనియ్ బండి."