దక్షిణపు కంచె పక్కన ఇరవై అడుగులు

కార్లో పక్కన కూర్చున్న రాధారాణికి మొక్కజొన్న చేలు కనిపిస్తాయి, భాస్కర్‌కి కల్వర్టులు కనిపిస్తాయి. "ఇది ఎనభై ఏడులో వేశాం. తొంభై మూడులో వరదకి కొట్టుకుపోతే మళ్లీ వేశాం," అంటాడు. కూతురు తన్వి పుట్టినరోజు ఏ నెలలోనో పెళ్లాన్ని అడిగి తెలుసుకునే మనిషి, కల్వర్టుల తారీకులు మాత్రం తడుముకోకుండా చెప్తాడు. డెబ్భై ఆరేళ్లొచ్చినా, రిటైరై పదకొండేళ్లయినా ఆ జబ్బు పోలేదు.

నెబ్రాస్కాలో హాల్డెన్ కౌంటీకి ముప్పై ఒక్క ఏళ్లు రోడ్ల ఇంజనీరుగా పనిచేశాడు. అక్కడ మనుషులకన్నా ఆవులు ఎక్కువ, ఆవులకన్నా గాలి ఎక్కువ. కాకినాడలో తనతో చదివినవాళ్లు షికాగో, హ్యూస్టన్ అంటూ పెద్ద పెద్ద ఊళ్లు చూసుకుంటే, లింకన్‌లో ఎమ్మెస్ చేసిన భాస్కర్ ఎనభై ఒకటిలో ఇక్కడికొచ్చి పడ్డాడు. కారణం గొప్పదేం కాదు. పెట్టిన నలభై అప్లికేషన్లకి వీళ్లొక్కళ్లే జవాబిచ్చారు. రెండేళ్లు చేసి పోదాంలే అనుకున్నాడు. కాలిఫోర్నియా ఫ్రీమాంట్‌లో ఉన్న స్నేహితుడు నరసింహం ఇప్పటికీ ఫోన్ చేసి, "ఏరా, నీ టూ ఇయర్స్ అయ్యాయా, ఇంకా ఉన్నాయా?" అని ఆటపట్టిస్తుంటాడు.

ఆ రోజులు తల్చుకుంటే ముందు గుర్తొచ్చేది చలి. తెల్లవారకముందే మంచు తోసే బండ్లని బయల్దేరదీసి, షెడ్డులో డీజిలు వాసన మధ్య నిలబడి పనివాళ్లతో కాఫీ తాగేవాడు. రోడ్డు చదును చేసే గ్రేడరు నడిపే లాయిడ్ మొదటి చలికాలంలోనే తన పాత ఉన్నిటోపీ తెచ్చి భాస్కర్ నెత్తిన పెట్టి, "ఇది లేకపోతే చెవులు రెండూ ఇక్కడే వదిలేసి మీ దేశం వెళ్తావు, బాస్," అన్నాడు. చర్చిలో భోజనాలకి రాధారాణి పులిహోర పట్టుకెళ్తే మొదటి ఏడు మొహమాటానికి ఇద్దరు తిన్నారు, పదో ఏడుకి గిన్నె అడుగున మెతుకు మిగల్లేదు. రోడ్డు మీద ఎదురైన ప్రతి పికప్‌లోనూ స్టీరింగ్ మీంచి రెండు వేళ్లు పైకి లేచేవి, పలకరింపుగా. ఆ రెండు వేళ్ల కోసమే ఉండిపోయానని ఒకసారి నరసింహంతో అన్నాడు. వాడు నవ్వాడు గానీ, అది నిజం.

ఒక్క విషయంలో మాత్రం భాస్కర్ ఆ ఊళ్లో కలవలేదు. ఎవరు పోయినా చర్చికి వెళ్లేవాడు, చివరి వరసలో కూర్చునేవాడు, ఆ తర్వాత భోజనాల్లో బంగాళాదుంప సలాడ్ తినేవాడు. ఈ రెంటికీ మధ్య ఊరంతా కార్లు బారులు తీరి ప్లెజెంట్ రిడ్జ్ శ్మశానానికి వెళ్తే, తను మాత్రం కదిలేవాడు కాదు. "వాళ్ల మతంలో కూడదు," అని ఊరివాళ్లే ఒకరికొకరు చెప్పుకునేవాళ్లు, ఎంతో గౌరవంగా. లాయిడ్ పోయినప్పుడూ అంతే. ఇరవై ఏళ్లు తన పక్కన పనిచేసిన మనిషిని అక్కడ మట్టిలో పెడుతుంటే, ఇక్కడ భాస్కర్ చర్చి వంటింట్లో కుర్చీలు సర్దుతూ కూర్చున్నాడు.

"మన మతంలో అలా ఎక్కడుందండీ? మీ నాన్నగారికి తలకొరివి పెట్టింది మీరే కదా?" అని ఆరోజు రాధారాణి అడిగింది.

"మా ఇంటి ఆచారం," అన్నాడు.

అత్తగారింటి ఆచారాలు మొగుడికన్నా రాధారాణికే బాగా తెలుసు. ఇదొక్కటి ఎక్కణ్నించి ఊడిపడిందో బోధపడలేదు.

పోయిన మే నెలలో, ఒక మంగళవారం, మార్లీన్ భాస్కర్ వాళ్లింటికి వచ్చింది. ఆవిడకి డెబ్భై ఎనిమిదేళ్లు, శ్మశానం సంఘానికి పెద్ద. ప్లెజెంట్ రిడ్జ్ దగ్గర ఒక చరిత్ర పలక పెడుతున్నారు. నూట నలభై ఏళ్ల కిందట ఐరోపాలోని బొహీమియా నుంచి వచ్చి, గడ్డితో సహా కోసిన మట్టిపెళ్లలతో ఇళ్లు కట్టుకుని, తమ వాళ్లని ఆ దిబ్బ మీద పూడ్చుకున్నవాళ్ల కథ దాని మీద ఉంటుంది. దాని స్తంభం నాలుగడుగుల లోతుకి దిగాలి, లేకపోతే చలికాలంలో నేల ఉబ్బి బయటికి నెట్టేస్తుంది. శనివారం పొద్దున్నే గొయ్యి తవ్వే మిషను వస్తుంది. ఈలోగా చోటు గుర్తుపెట్టాలి.

"ఆ రోడ్డు సంగతి మీకన్నా తెలిసినవాళ్లెవరు?" అంటూ మార్లీన్ కాగితం మీద గీసి చూపించింది. "ఇదిగో, దక్షిణపు కంచె పక్కన, రోడ్డు వార. మిగతా అంతా కాలువ లోతుగా ఉంది గానీ ఈ ఇరవై అడుగులు ఎందుకో చదునుగా ఉంది. జనం కారు ఆపుకుని చదవొచ్చు. మీరు లోపలికి రానక్కర్లేదు. మీ పద్ధతి నాకు తెలుసు. రోడ్డు మీద నిలబడే గుర్తు పెట్టెయ్యొచ్చు."

భాస్కర్ అలాగే అన్నాడు. ఆ చదును ఎందుకో అతనికి తెలుసు. అక్కడ కాలువ తవ్వకుండా వదిలేయించింది తనే.

అది ఎనభై నాలుగు వేసవి. ఆ మట్టిరోడ్డు ప్రతి చలికాలమూ మంచులో మునిగిపోతోందని ఎత్తు పెంచాలనుకున్నారు. ఎత్తు పెంచాలంటే మట్టి కావాలి, ఆ మట్టి పక్క కాలువలోంచే తీయాలి. పని మొదలవకముందే మార్లీన్ తల్లి వ్లాస్తా ఆఫీసుకి వచ్చింది. డెబ్భై ఏళ్ల మనిషి, మోచేతికి హ్యాండ్‌బ్యాగు తగిలించుకుని, కూర్చోమన్నా కూర్చోకుండా చెప్పింది. తనకి ఏడేళ్లప్పుడు కంఠసర్పి, అదే డిఫ్తీరియా, సోకి ఇద్దరు తమ్ముళ్లు ఒకే వారంలో పోయారు. నాన్న వాళ్లని దక్షిణపు అంచున పూడ్చి చెక్క శిలువలు పాతాడు. గడ్డికి నిప్పంటుకున్న ఏడాది ఆ శిలువలు కాలిపోయాయి. తర్వాతెప్పుడో కంచె వేసినవాళ్లు అది తెలియక, ఆ చోటు బయటికి పోయేలా, లోపలగా వేసేశారు. "అక్కడ తవ్వించకండి," అంది.

భాస్కర్ ప్లాను విప్పి చూశాడు. ప్లానులో ఏమీ లేదు. "కాగితం ఏదైనా ఉందా?" అని అడిగాడు.

"కాగితం లేదు. నేనున్నాను," అందావిడ.

ఇంజనీరింగ్ కాలేజీలో మనుషుల్ని ప్లానులో ఎలా గుర్తించాలో నేర్పరు. పాత రిజిస్టర్లన్నీ తిరగేసి, మర్యాదగా ఒక ఉత్తరం రాసి పంపాడు, కంచెకి అవతల సమాధులేవీ లేవని రికార్డుల వల్ల తేలిందని. కింద పేరు, హోదా, సంతకం.

పని మొదలైన మూడో రోజు లాయిడ్ బ్లేడుకి నల్లబడ్డ చెక్క తగిలింది. దాంతోపాటు బొత్తాలున్న చిన్న బూటు ఒకటి బయటపడింది, అరచేతిలో పట్టేంత. లాయిడ్ ఇంజను ఆపాడు. టోపీ తీశాడు. భాస్కర్ మొహంలోకి చూశాడు.

అప్పటికి భాస్కర్ ఉద్యోగంలో చేరి మూడేళ్లు. ఈ పరాయి మనిషి ఎప్పుడు తప్పటడుగు వేస్తాడా అని కాచుకుని కూర్చున్న కౌంటీ కమిషనరు ఒకడు ఉన్నాడు. ఉత్తరం పంపి పట్టుమని పదిరోజులు కాలేదు. "ఎలా ఉన్నది అలాగే పెట్టి కప్పేయ్. ఇక్కడ కాలువ వద్దు, పక్కనించి తిప్పు," అన్నాడు. లాయిడ్ మిషను దిగి, తన చేతులతోనే మట్టి కప్పాడు. చనిపోయేదాకా మళ్లీ ఆ మాట ఎత్తలేదు.

కదిలించలేదు కదా, కాలువే తిప్పించాను కదా, ఇంకేం కావాలి అని భాస్కర్ తనకి తను సర్దిచెప్పుకున్నాడు. పిల్లి కళ్లు మూసుకుని పాలు తాగడమంటే ఇదే. చెప్పాల్సిన ఒక్క మనిషికి మాత్రం చెప్పలేదు. చెబితే, సంతకం పెట్టిన ఉత్తరం తప్పని ఒప్పుకోవాలి. ఈ ఏడు కాదు, వచ్చే ఏడు అనుకున్నాడు. వచ్చే ఏడుకి, పోయిన ఏడే ఎందుకు చెప్పలేదన్న ప్రశ్న కూడా తోడైంది. ఇలాంటి మాటలు దాచినకొద్దీ బరువెక్కుతాయి. రెండువేల నాలుగులో వ్లాస్తా తన తొంభయ్యో ఏట పోయింది. భాస్కర్ చర్చిలో చివరి వరసలో కూర్చున్నాడు. శ్మశానానికి వెళ్లలేదు. కూడదని ఊరంతా ఒప్పేసుకుంది.

ఇదంతా బుధవారం మధ్యాహ్నం భోజనం దగ్గర రాధారాణికి చెప్పేశాడు.

ఆవిడ చెయ్యి కంచంలోనే ఉండిపోయింది. "ఆచారం అన్నారు," అంది. "అడిగినవాళ్లందరికీ, మా ఆయనకి అది ఆచారమండీ అని నేనూ చెప్పాను. నాచేత కూడా అబద్ధం ఆడించారు కదా."

"పోనీ, ఆ స్పాట్‌ని ఓ పదడుగులు షిఫ్ట్ చేసేస్తాను రాధా. వాళ్ల మీద డ్రిల్ పడకుండా ఉంటే చాలు కదా. ఈ ఏజ్‌లో ఇదంతా ఓపెన్ చేసి ఎవరికి లాభం?"

"లాభం సంగతి నాకు తెలీదు. నాకు చెప్పడం తేలికేనండీ, నేను మీ మనిషిని." కంచం తీసుకుని లేచింది. పెరుగు వడ్డించకుండా లేవడం నలభై ఆరేళ్ల కాపురంలో అదే మొదటిసారి.

శుక్రవారం పొద్దున భాస్కర్ టేపు, గులాబీరంగు చిన్న జెండాలు కార్లో పడేసుకుని బయల్దేరాడు. దారిలో రెండు పికప్‌లు ఎదురయ్యాయి. రెంటిలోనూ వేళ్లు లేచాయి. తిరిగి వేళ్లెత్తడానికి ఆరోజు సిగ్గేసింది. ప్లెజెంట్ రిడ్జ్ చేరి, కారు దిగి, మార్లీన్ గీసిచ్చిన చోటుకి సరిగ్గా పదడుగులు తూర్పుగా జెండా గుచ్చాడు. ఇక వెళ్లిపోదామనుకునేంతలో మార్లీన్ కారు వచ్చి ఆగింది.

"ఇదేమిటి, కాలువలో పెట్టారు?" అంది.

భాస్కర్ నీటివాలు అన్నాడు. తర్వాత కంకర అన్నాడు. తర్వాత, ఆ చదునులో మట్టి వదులుగా ఉంటుంది, స్తంభం నిలవదు అన్నాడు.

"వదులుగానా? ఎందుకని?"

ఆవిడ అనుమానంతో అడగలేదు. నమ్మకంతోనే అడిగింది. అదే భరించలేకపోయాడు.

"మీ అమ్మగారు చెప్పింది నిజం," అన్నాడు. "వాళ్లు ఇక్కడే ఉన్నారు. నాకు మూడో రోజే తెలిసింది."

ఆ తర్వాత అన్నీ చెప్పాడు. ఉత్తరం, చెక్క, బూటు, కప్పేయమన్న మాట. లాయిడ్ మీదికి ఏదీ నెట్టలేదు. కమిషనర్ని అడ్డం పెట్టుకోలేదు. చెబుతున్నంతసేపూ మార్లీన్ కంచె తీగ పట్టుకుని నిలబడింది. గాలికి గడ్డి ఒక పక్కకి వాలి లేస్తోంది.

"అమ్మ మీ ఉత్తరం బైబిల్లో పెట్టుకుంది," అంది చివరికి. గొంతు పెంచలేదు. "అప్పుడప్పుడు తీసి చదువుకునేది. మొదట్లో మీ మీద కోపంగా ఉండేది. తర్వాత్తర్వాత తన మీదే అనుమానం వచ్చింది. ఏడేళ్ల పిల్లని కదా, చోటు తప్పుగా గుర్తుందేమో అనేది. అంత చదువుకున్న అబ్బాయి, రికార్డులన్నీ చూసి మరీ రాశాడు కదా అనేది. ఆఖరి ఏడాది, అసలు నాకు తమ్ముళ్లున్నారా అని నన్నడిగింది."

భాస్కర్‌కి కళ్లు మసకబారాయి. తన తప్పు మట్టి కింద ఉందనుకున్నాడు ఇన్నాళ్లూ. అది ఒక ముసలావిడ బుర్రలో కూర్చుని, ఆవిడకున్న ఆ కాస్త జ్ఞాపకాన్నీ తినేసిందని తెలీదు. క్షమించమని అడగడానికి కూడా మొహం చెల్లలేదు. రోడ్డు మీదే నిలబడి ఏడ్చాడు.

మార్లీన్ ఓదార్చలేదు. ఎందుకు ఓదార్చాలి?

"పలక గేటు దగ్గర పెట్టుకుంటాం. వీళ్లకి ఇక్కడ వేరే రాయి వేయిస్తాను," అంది. "పేర్లెప్పుడైనా అడిగారా?"

"లేదు."

"పెద్దవాడు ఎమిల్, నాలుగేళ్లు. చిన్నవాడు జోసెఫ్. వాడికింకా మాటలు కూడా సరిగ్గా రాలేదట." కంచె తీగ వదిలి కారు వైపు రెండడుగులు వేసి ఆగింది. "ఇలాంటి కబురు తెలిస్తే పరిగెత్తుకుంటూ ఇంటికెళ్లి అమ్మకి చెప్పాలి. నేనిప్పుడెవరికి చెప్పను?"

భాస్కర్ గుచ్చిన జెండా పీకేసి, టేపు నేలమీద పెట్టాడు. టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు. "అమ్మగారు ఎక్కడున్నారు?" అని అడిగాడు.

మార్లీన్ అతని మొహంలోకి చూసింది. "మూడో వరస. నాన్న పక్కన."

గేటు గడియ బిగుసుకుపోయి ఉంది, రెండు చేతులతో లాగాల్సి వచ్చింది. లోపల గడ్డి అప్పుడే కోసినట్టున్నారు. మొదటి వరసలో తెలిసిన పేర్లే, రెండో వరసలో తెలిసిన పేర్లే, లాయిడ్ కూడా అక్కడే ఉన్నాడు. వాళ్లందరి ఇళ్ల ముందు కల్వర్టులూ భాస్కర్‌కి తెలుసు. మూడో వరసలో బూడిదరంగు రాయి ముందు ఆగాడు. మోకాళ్లు సహకరించకపోయినా, రాయి పట్టుకుని కిందికి వంగి కూర్చున్నాడు. ఆఫీసులో ఆరోజు ఆవిడ నిలబడే మాట్లాడింది. తను కుర్చీలోంచి లేవలేదు.

"మీకు చోటు సరిగ్గానే గుర్తుందమ్మా," అన్నాడు, తెలుగులోనే, ఇంగ్లీషు గుర్తుకి రాక. "ఎమిల్, జోసెఫ్. ఇద్దరూ అక్కడే ఉన్నారు."