ఇరవై జానల బల్ల

ఆ కుట్టుగదిలో బట్ట కత్తిరించే బల్ల ఒక్కటే. పొడుగు ఇరవై జానలు. మొదట్లో అదంతా పెద్దక్కదే. కత్తెర పట్టీ పట్టీ బొటనవేలు కాయకాసిన మనిషి. చొక్కాల గుడ్డ ఈ చివర నుంచి ఆ చివర దాకా పరుచుకునేది. రెండో మనిషి వచ్చి సగం పట్టుకుపోయింది. పెద్దక్క నోరెత్తలేదు. మూడో మనిషి రాగానే సగం కాస్తా మూడోవంతయింది. ప్యాంట్లు తప్ప మరేమీ కుట్టని ప్యాంట్లమ్మ వచ్చాక పావు మిగిలింది. బల్ల నిండా సుద్దగీతలు, గీత దాటితే గొడవ. అందరికీ సమానం అన్నది ఆ గదిలో శిలాశాసనం. సమానం అనే మాట చెవికి ఇంపే. మోచేతులకే దానితో చిక్కు.

ఇప్పుడు పెద్దక్క తోడికోడలు పనిచేసే దుకాణం మూతపడింది. ఇక్కడ చోటు దొరక్కపోతే ఇంట్లో కూర్చోవాల్సిందేనని వచ్చి గుమ్మంలో నిలబడింది.

ప్యాంట్లమ్మ ఇంతెత్తున లేచింది. "ఐదో మనిషంటే బల్లలో ఐదోవంతు పోయినట్టే. నా దగ్గరున్నదే పావు. ఇంక నాకు మిగిలేదేంటి, సూది గుచ్చుకునే చోటా?"

"ఐదోవంతూ నీ ఒక్కదాని దగ్గరే లాక్కుంటుందా తల్లీ? నలుగురి దగ్గరా తలా కాస్త," అని పెద్దక్క నుదురు కొట్టుకుంది.

"కాస్త, కాస్త అంటూనే కదా ఇంతదాకా వచ్చింది."

పెద్దక్క సుద్దతో గీసి చూపింది. ఐదు జానలున్న చోట నాలుగు. పోయేది బల్లలో ఇరవయ్యోవంతు, అంతే. "నాకు తొలిసారే పది జానలు పోయాయి. ఆ తర్వాత మూడు పైచిలుకు. నువ్వొచ్చినప్పుడు ఒకటిన్నర పైచిలుకు. ఒక్క మాటన్నానా? మనుషులు పెరిగేకొద్దీ కోత చిన్నదవుతోంది, అరుపే పెద్దదవుతోంది."

ప్యాంట్లమ్మ ఒక ప్యాంటు ముక్క పరిచింది. నాలుగు జానలూ నిండి, కొత్త గీత అవతలికి మరో అరజాన పాకింది.

"నీ లెక్క ఒప్పేనక్కా. అదేదో దీనికి చెప్పు."

పెద్దక్కకు ఒళ్లు మండింది. ఆవిడ అన్నది నిజం కావడంతో ఇంకాస్త మండింది. తోడికోడలి వైపు తిరిగింది. "నువ్వు కుట్టేది కాజాలూ గుండీలే కదా. రెండు జానలు చాలవూ?"

"చాలు. అయినా నాకూ నాలుగే కావాలక్కా. వాటా తగ్గితే మాటా తగ్గుతుంది. ఇంట్లో చూస్తూనే ఉన్నాంగా."

అక్కర్లేని చోటు అడిగేది ఒకతె, అక్కరున్న చోటు వదలనిది ఇంకొకతె. మిగతా ఇద్దరూ ఎన్నడూ లేనంత శ్రద్ధగా మిషన్లకు నూనె వేసుకుంటున్నారు. పెద్దక్క విసురుగా తనకూ ప్యాంట్లమ్మకూ మధ్యనున్న గీత చెరిపి, తనవైపు ఒక జాన జరిపి గీసింది.

"నీకు ఐదు. నాకు మూడు, కాలర్లకు చాలు. ఇక నా చొక్కాల వీపులూ ముందు పక్కలూ నువ్వే కత్తిరించు."

"అన్నీనా?"

"చోటు నీ దగ్గరే ఉందిగా."

ప్యాంట్లమ్మ కొత్త జాన వైపు చూసింది. "పోనీ, అరజాన సరిపోతుందేమో అక్కా."

అప్పటికే పెద్దక్క చొక్కాల గుడ్డ మోపు తెచ్చి ఆ జాన మీద పడేసింది.