కలకత్తా టైం మనకెందుకని

కంప్యూటర్ తెర మూలన కనిపించే గడియారాన్ని చూస్తే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. రెండు వేల సంవత్సరం దాటిన కొత్తలో, విజయవాడలోని మా పప్పుల హోల్‌సేల్ కొట్టుకి బిల్లుల కోసం ఒక కంప్యూటర్ కొన్నాను. బిగించినతను విండోస్‌కి వేరే డబ్బులన్నాడు. ఊరికే వచ్చేదేమీ లేదా అని నేను.

"లైనక్స్ ఉందండీ, వేసిస్తాను" అన్నాడు.

బేరం గెలిచానని ఆ పూట ఇంట్లో గొప్పలు కూడా చెప్పుకున్నాను, సిగ్గులేకుండా.

దాని గడియారం ఐదున్నర గంటలు వెనక నడుస్తోంది. పగలైతే నవ్వి ఊరుకోవచ్చు. కానీ మాకు బోణీ తెల్లారకముందే. గన్నవరంలో కిరాణా కొట్టున్న ఒక భాయ్ వ్యాను వేసుకొచ్చేవారు. ఏళ్ళ తరబడి మా తొలి బిల్లు ఆయనదే. ఆయన చేతి బోణీ తప్పితే ఇక ఆ రోజు కొట్టు సాగదని నాన్న నమ్మకం. ఆ వేళకి కంప్యూటర్‌కి ఇంకా నిన్నటి రాత్రే కాబట్టి, బిల్లు మీద నిన్నటి తేదీ పడింది. మొదటిసారి ఆయనే చూసి చెప్పారు.

బిగించినతనికి ఫోన్ చేశాను.

"టైం జోన్ తప్పుందండీ. లిస్టులో కలకత్తా పెట్టుకోండి, చాలు."

లిస్టంతా వెతికాను. విజయవాడ లేదు, హైదరాబాద్ లేదు, ఢిల్లీ కూడా లేదు. నాన్నని అడిగాను.

"కలకత్తాలో మనకంటే ముందే తెల్లారుద్దిరా. ఆ టైం మనకెలా కుదురుద్ది?"

పంచాంగంలో ఉన్న వేళని కూడా మన ఊరికి నిమిషాలు సవరించుకుని గానీ కొత్త సరుకు దించనివ్వని మనిషి ఆయన. డిగ్రీ చదివిన నేనూ తలూపాను. బిగించినతను ఎక్కడిదో సరుకు మనకి అంటగడుతున్నాడనుకున్నాను. అంతవరకే నా తెలివి. జోన్ జోలికి పోకుండా, గోడ గడియారానికి చేసినట్టు అంకెలు ముందుకి జరిపేశాను.

సాయంత్రం రేట్ల మెయిల్ కోసం ఇంటర్నెట్ కలిపితే చాలు, అది తన టైం తాను సరిచూసుకుని మళ్ళీ వెనక్కి పోయేది. పొద్దున్నే నేను మళ్ళీ జరపాలి. పొట్టు దుమ్ము జిడ్డు కట్టిన ఆ కీబోర్డుని ముందు గుడ్డతో తుడుచుకునేవాణ్ణి. ఒకరోజు జరపడం మరిచిపోయాను.

మర్నాడు భాయ్ వ్యాను దిగుతూనే ఆ బిల్లు బల్ల మీద పడేశారు. దారిలో టాక్స్ వాళ్ళు ఆపారట. పాత బిల్లు మీద రెండో ట్రిప్పు తోలుతున్నావని మినుముల బస్తాలన్నీ రోడ్డు మీదికి దింపించారట.

"దొంగ సరుకు మోసేవాణ్ణి చేశారు నన్ను. ఇట్టా అయితే ఎదురు కొట్టుకి పోతానండీ."

"మన ఊరు లిస్టులో లేదు భాయ్. కలకత్తా ఒక్కటే ఉంది. అది పెడితే తేడా వస్తుందని..."

ఆయన నన్ను పుచ్చు కందిపప్పుని చూసినట్టు చూశారు.

"కలకత్తా రైలు దిగినోళ్ళు మన స్టేషన్లో వాచీలు తిప్పుకుంటున్నారా అండీ?"

నాన్న వీధిలోకి చూడసాగారు. దేశమంతటికీ ఒకటే టైమని నేను బడిలో చదివిన ముక్కే. అక్కడికక్కడే కలకత్తా పెట్టాను. క్షణంలో అంకెలు భాయ్ వాచీతో సరిపోయాయి. కొత్త బిల్లు తీసి, ఇవాళ్టి తేదీ మీద వేలు పెట్టి చూపించాను. ఆయన దాన్ని ముట్టుకోలేదు.

"సరుకు మీ దగ్గరే ఎత్తుతాను. బిల్లు మాత్రం చేత్తో రాసివ్వండి."

బేరమాడదామని నోరు తెరిచాను. అప్పటికే నాన్న కాగితాల మధ్య కార్బన్ పెట్టి నా ముందుకు తోశారు. ఆ తర్వాత ఏళ్ళపాటు, టైం సరిగ్గా చూపించే ఆ దరిద్రప్పెట్టె పక్కనే కూర్చుని, భాయ్ బోణీ బిల్లు కార్బన్ మసి వేళ్ళతో నేనే రాశాను.