జరీకి పడిన బంగుడలు

జీతమూ మీసమూ రెండూ కొత్తగా వచ్చిన ఆ రోజుల్లో నాకు తెలియని విషయమంటూ ఉండేది కాదు. ఒకవేళ ఉన్నా ఒప్పుకునేవాణ్ణి కాదు. ఎర్రమంచి దగ్గర కార్ల ఫ్యాక్టరీలో చేరి, పెనుకొండలో ఒక అవ్వ ఇంటి మేడ మీద అద్దెకుండేవాణ్ణి. గదిలో నాకు తోడు ధర్మవరం వాడొకడు. నేతపనివాళ్ళ ఇంటివాడు కాబట్టి అందరం 'మగ్గం' అని పిలిచేవాళ్ళం. మెతక మనిషి, మాట తక్కువ. నాకు వాడంటే కుళ్ళు. కారణం చిన్నదే. ఆదివారం అవ్వ సంగటి పెడితే వాడి ముద్ద నా ముద్ద కంటే పెద్దగా ఉండేది. ఒకసారి అడిగేశాను కూడా. "వాడు నాకు బిందెలు మోసిస్తాడప్పా. నువ్వు వట్టి మాటలు మోస్తావు" అంది.

ఆ అవ్వకు చేపలంటే ప్రాణం. మా లైన్లో పనిచేసే ఉడుపి అన్న, వానలు తగ్గాక బంగుడ చేపలు ఒడ్డు దాకా వస్తాయి, సెలవుకు మా ఊరు రండి అని మా ఇద్దర్నీ పిలిచాడు. నేను నేరుగా వెళ్ళి అవ్వ ముందు నిలబడ్డాను. "అవ్వా, మసాలా నూరి పెట్టుకో. నా చేత్తో పట్టుకొస్తా." రొళ్ల దగ్గర మా ఊరి చెరువులో వానపాములు గుచ్చి నాలుగు చేపలు పట్టిన అనుభవం నాది (అందులో ఒకటి మా చిన్నాయన పట్టింది). "తెస్తే ఈతూరి పెద్ద ముద్ద నీకేలే" అంది అవ్వ. ఇక నాకు నిద్ర పడితే ఒట్టు.

బంగుడకు వానపాము అక్కర్లేదట. నీళ్ళలో మెరుస్తూ కదిలేది ఏదైనా చిన్న చేపే అనుకుని మింగుతుందట. అది విని ఆన్‌లైన్లో ఒక గాలం కర్ర, వెండి రంగు ప్లాస్టిక్ చేపల డబ్బా, నల్ల కళ్ళజోడు తెప్పించాను (కళ్ళజోడు ఎందుకని అడక్కండి). మగ్గం మాత్రం "మెరిస్తే చాలా అన్నా? అయితే మా ఇంట్లో జరీ ఉండాది" అని, చీర నేయగా మిగిలిన జరీ పోగులు తెచ్చి ఉత్త గాలాలకు చుట్టుకున్నాడు. "చేపలకు పెండ్లి చీరలు కడ్తాండావేమిరా" అని నవ్వాను.

ఉడుపి ఒడ్డున నేను విసిరిన మొదటి ప్లాస్టిక్ చేప ముడి ఊడి, ఒంటరిగా సముద్రంలోకి వెళ్ళిపోయింది. రెండోదీ దాని వెంటే పోయింది. మూడోదానికి ఏడు ముళ్ళు వేశాను. అది ఊడలేదు, దానికి చేపా పడలేదు. మగ్గం సముద్రాన్ని చూడటం అదే మొదటిసారి. దానికో దండం పెట్టి, ఉడుపి అన్న ఇచ్చిన కర్రతో జరీ గాలాలు విసిరి, ఆగి ఆగి లాగాడు. బంగుడ పడింది. మళ్ళీ లాగితే మూడు పడ్డాయి. "ఏం చెయ్యి మారాయా ఇది" అని ఉడుపి అన్న వాడి భుజం తట్టాడు ('మారాయా' అంటే వాళ్ళ వైపు 'నాయనా' అన్నట్టు). నా భుజం ఎవరూ తట్టలేదు.

మహిమంతా జరీలోనే ఉందని నాకు తోచింది. వాడు టీకి వెళ్ళగానే వాడి దారానికున్న జరీ గాలాలు కోసి నా కర్రకు కట్టుకున్నాను. నా ప్లాస్టిక్ చేపను వాడి కర్రకు కట్టాను, యథాప్రకారం ఏడు ముళ్ళతో. వాడొచ్చి కర్ర తీసుకుని, వేలితో దారం తడిమి ఆగాడు.

"ఈ ముడి నాది కాదే" అన్నాడు మెల్లగా.

నేను సముద్రాన్ని చాలా శ్రద్ధగా చూశాను. నేసేటప్పుడు మగ్గం మీద తెగిన పోగు అతికితే, ఆ ముడి తడిమి ఎవరు వేసిందో వాళ్ళింట్లో చెప్పేస్తారన్న సంగతి నాకేం తెలుసు? వాడు ఏడు ముళ్ళూ ఓపిగ్గా విప్పి, బియ్యపు గింజంత ముడి వేసి, నా ప్లాస్టిక్ చేపతోనే బంగుడలు లాగసాగాడు. జరీ నా దగ్గరుంది, చేపలు వాడి దగ్గరున్నాయి. కాసేపటికి నా దగ్గరికొచ్చి, "ఇట్లియ్యన్నా" అని నా ముళ్ళు కూడా విప్పి తిరిగి కట్టాడు. "ఊరికే గుంజద్దు. ఆగి ఆగి లాగు." అలా లాగితే నాకూ ఒకటి పడింది. వాడు తిట్టి ఉంటే ప్రాణం హాయిగా ఉండేది. చేపల్లో గెలిచింది చాలక మంచితనంలో కూడా వీడే గెలవాలా అని మరింత కుళ్ళుకున్నాను.

పెనుకొండలో ఐసు పెట్టె తెరిస్తే ముప్ఫై ఒక్క చేపలు. "ఎవురు పట్నారప్పా ఇన్ని?" అంది అవ్వ. నేను నోరు తెరిచాను (నిజమే చెప్పబోయాను, నమ్మండి). మగ్గం ముందే అనేశాడు: "అన్నే పట్టినాడవ్వా. నేను ముళ్ళు ఏసిచ్చినా, అంతే." పెద్ద ముద్ద నా కంచంలో పడింది. ఎన్నాళ్ళుగానో కోరుకున్న ముద్ద అది. సగం తుంచి వాడి కంచంలో వేశాను. ఎందుకని అడక్కుండా తినేశాడు.

ఇప్పుడు నాకు పొట్ట వచ్చింది, వాడికి జుట్టు పల్చబడింది. ఆ రోజు ఎన్ని పట్టావని ఎవరైనా అడిగితే ముప్ఫై అని చెబుతుంటాను. మగ్గం పక్కన ఉంటే మాత్రం గొంతు తగ్గించి "ఒకటి" అంటాను. వాడు తలెత్తకుండానే "ముప్పై ఒకటి" అని సరిచేస్తాడు. ఇన్నేళ్ళైనా ఆ క్షణాన వాడి మీద నాకు మళ్ళీ కుళ్ళు పుడుతుంది, కాకపోతే ఇప్పుడు నవ్వు కూడా వస్తుంది.