జరాదా తిన్నె మీద ఆడవాళ్ళ వేళ

ఖదీజా, నేను సీఫ్‌లోని ఒక ఆఫీసులో పక్కపక్క సీట్లలో లెక్కలు చూసేవాళ్ళం. ఆవిడ జిదాఫ్స్ మనిషి. బహ్రెయిన్‌లోనే పుట్టి పెరిగింది. రోజూ నల్లటి అబాయా తొడుక్కుని, తలకు గుడ్డ బిగించుకుని వచ్చేది. ముఖం, అరచేతులు తప్ప ఆమె ఒళ్ళు నేనెన్నడూ చూడలేదు. అలాంటి మనిషి ఒక మధ్యాహ్నం టీ తాగుతూ, శనివారం తమ ఇంటి ఆడవాళ్ళంతా సముద్రం మధ్యలో ఒక ఇసుకతిన్నె మీదికి స్నానానికి వెళ్తున్నారని, నన్ను కూడా రమ్మని చెప్పింది. శుక్ర, శనివారాలు సెలవులుగా మారిన కొత్త రోజులవి.

"ఏం బట్టలు తెచ్చుకోవాలి?" అని అడిగాను. మేమిద్దరం మాట్లాడుకునేది ఇంగ్లీషులోనే.

"నీ ఇష్టం. ఉంచుకుంటే ఉంచుకో, తీసేస్తే తీసేయ్. అక్కడ ఎవరూ ఎవరినీ అడగరు" అంది, చక్కెర కలుపుకుంటూ.

ఆ తిన్నె పేరు జరాదా. ఆటుకు నీళ్ళు తగ్గినప్పుడు బయటపడుతుంది, పోటు వచ్చేసరికి మునిగిపోతుంది. చెట్టు లేదు, నీడ లేదు, మనిషి కట్టిందేదీ లేదు. సెలవు రోజుల్లో పడవల మీద పిక్నిక్‌కు వెళ్ళేవాళ్ళు ఉంటారట. ఖదీజావాళ్ళు మాత్రం జనం రాకముందే పొద్దున్నే వెళ్ళి వచ్చేస్తారట.

ఇంటికి వెళ్ళేదారిలో నాకు ప్రసన్న గుర్తొచ్చింది. సనాబిస్‌లో మా ఫ్లాటు కింద వాళ్ళది. నరసాపురం అమ్మాయి, ల్యాబ్ టెక్నీషియన్. శుక్రవారం చర్చిలో తెలుగు ఆరాధనలో పాటలు మొదలుపెట్టేది ఆ పిల్లే. రెండేళ్ళ కింద రొమ్ములో గడ్డ అని తేలింది. ఎడమవైపు తీసేశారు. మందులతో ఊడిపోయిన జుట్టు మళ్ళీ వచ్చింది, మనిషి ఉద్యోగానికి వెళ్తోంది, జబ్బు తగ్గిందని డాక్టర్లు కూడా చెప్పారు. కానీ అప్పటినుంచి చున్నీని మడతమీద మడత వేసుకుని పిన్ను పెట్టుకుంటుంది. లోపల దూది కుక్కి తనే కుట్టుకున్న గుడ్డ దిండొకటి పెట్టుకుంటుంది. ఒకసారి మా వంటింట్లో కూరగాయలు తరుగుతూ నాతో అంది: "ఆపరేషనయ్యాక నన్ను నేను అద్దంలో చూసుకోలేదక్కా. ఆయన్నీ చూడనివ్వలేదు. లైటార్పాకే బట్టలు మార్చుకుంటా."

సముద్రం గాలి తగిలితే ఆ పిల్లకు మంచిదనిపించింది. సంగతంతా చెప్పి అడిగాను. రానంటే రానంది. నేనూ వదిలేశాను. శుక్రవారం ఆరాధన నుంచి వస్తూనే తలుపు కొట్టింది.

"అక్కడ మనల్నెరిగినోళ్ళెవరూ ఉండరు కదక్కా?"

"నేనొక్కదాన్నే."

"మీరు పర్లేదు. పొద్దున్న ఎన్నింటికి?"

ఆరింటికి ఖదీజా తన కారులో వచ్చింది. అక్టోబరు నెల. ఎండ ఇంకా మొదలవలేదు. కారు వెనకసీట్లో ఆవిడ తల్లి ఉమ్ జాఫర్, అంటే పెద్దకొడుకు జాఫర్ తల్లి అని అర్థం, ఒళ్ళో పెద్ద గిన్నె పెట్టుకుని కూర్చుంది. గిన్నెలో కోడిమాంసం వేసి వండిన మచ్‌బూస్ అన్నం. నేను పులిహోర చేసి తెచ్చాను. ప్రసన్న ఒక సంచీ తెచ్చింది, దాన్ని మాత్రం ఎవరికీ ఇవ్వకుండా గుండెలకు ఆనించుకుంది. ఉమ్ జాఫర్‌కు డెబ్బై దాటి ఉంటాయి. అరబ్బీ తప్ప రాదనుకున్నాను గానీ పాతకాలం బొంబాయి వర్తకుల దగ్గర నేర్చుకున్న హిందీ ముక్కలు కొన్ని వచ్చు. ప్రసన్నను చూసి "బైఠో, బైఠో" అని జరిగి చోటిచ్చింది.

ఆరున్నర దాటాక సిత్రలో జాలరుల పడవలు ఆగే రేవు చేరాం. జాఫర్ అప్పటికే ఇంజను వేడి చేస్తున్నాడు. అతని భార్య జహ్రా, వాళ్ళ ఆరేళ్ళ కూతురు మరియం పడవలో ఉన్నారు. తెలిసినవాళ్ళు లేనివారు ఇక్కడే పడవ మాట్లాడుకోవచ్చు. ఎక్కకముందే ధరా, తిరిగివచ్చే వేళా ఖాయం చేసుకోవాలి. తిన్నె మీద టీకొట్టు కూడా ఉండదు కాబట్టి మంచినీళ్ళు మోయగలిగినన్ని తీసుకువెళ్ళాలి.

ఒడ్డు వదిలాక అరగంటకు పైగా ప్రయాణం. వెనక ఫ్యాక్టరీల పొగగొట్టాలు, మనామా మేడలు బూడిదరంగులోకి కరిగిపోయాయి. నీళ్ళు ముందు ముదురు నీలంగా, తర్వాత పచ్చగా, చివరకు అడుగున ఇసుక గీతలు కనబడేంత పల్చగా మారాయి. జాఫర్ ఇంజను తగ్గించి వేలు చూపించాడు. ముందు నాకేమీ కనపడలేదు. తర్వాత నీళ్ళ మీద తెల్లని గీత ఒకటి, దాని మీద బారుగా కూర్చున్న పక్షులు కనిపించాయి. అదే జరాదా.

మమ్మల్ని మోకాలిలోతు నీళ్ళలో దింపి, సామాను అందించి, జాఫర్ పడవను దూరంగా తీసుకెళ్ళి లంగరు వేశాడు. వీపు మావైపు, ముఖం అవతలి సముద్రం వైపు పెట్టుకుని గాలం వేసి కూర్చున్నాడు.

"మనం పిలిచేదాకా తిరగడు" అంది ఖదీజా.

"మెడ నొప్పి పుట్టదూ?"

"మా నాన్న కూడా అలాగే కూర్చునేవాడు."

చాప పరిచి, గిన్నెలు మధ్యలో పెట్టాక, ఉమ్ జాఫర్ అబాయా తీసి మడిచింది. తర్వాత లోపలి పొడుగు గౌను. తర్వాత మిగిలినవి. ఇంట్లో గుడ్డలు ఉతకడానికి కూర్చునే మనిషిలా, ఏ హడావిడీ లేకుండా. వయసుకు జారిన ఒళ్ళు, కాన్పుల చారలు, మోకాళ్ళ దగ్గర ఉబ్బిన నరాలు. అలాగే నడిచి నీళ్ళలోకి వెళ్ళి కూర్చుంది. జహ్రా లోపలి గౌను ఉంచుకుంది. ఖదీజా మెడనుంచి మోకాళ్ళ దాకా ఉన్న ఈత బట్టల్లోనే ఉంది. వాళ్ళలో ఒకరినొకరు చూసుకున్నవాళ్ళు లేరు, చూపు తిప్పుకున్నవాళ్ళూ లేరు.

నేను చుడీదారుతోనే నీళ్ళలో దిగాను. ప్రసన్న చాప అంచున సంచీ పట్టుకుని అలాగే కూర్చుండిపోయింది.

ఉమ్ జాఫర్ నీళ్ళలోంచే ఏదో చెబుతోంది. ఖదీజా మాకు ఇంగ్లీషులో చెప్పింది: "అమ్మ చిన్నప్పుడు ఊరి చుట్టూ మంచినీటి ఊటలుండేవి. ఆడవాళ్ళకో వేళ, మగవాళ్ళకో వేళ. తెల్లారి ఆడవాళ్ళంతా పిల్లలతో వెళ్ళి ఇలాగే స్నానాలు చేసేవాళ్ళట. నేను పుట్టేసరికే నీళ్ళు తగ్గాయి. ఇప్పుడక్కడ రాళ్ళున్నాయి. అందుకే అమ్మ ఇంతదూరం వస్తుంది."

ఇసుకదేశంలో నీళ్ళంటే వీళ్ళకు ఏమిటో నాకు అప్పుడు కొంచెం తెలిసింది. ఇది వీళ్ళకు విహారం కాదు. ఊరు పోగొట్టుకున్న ఒక వేళను సముద్రంలో వెతుక్కుంటున్నారు.

ఎంతసేపటికో వెనక్కి తిరిగి చూస్తే ప్రసన్న నిలబడి ఉంది. పిన్ను తీసింది. చున్నీ మడతలు విప్పి సంచీలో పెట్టింది. కుర్తా తీసి అందులోనే కుక్కింది. గుడ్డ దిండు తీసి దాన్నీ సంచీలో దోపింది. ఎడమవైపు చంక దాకా అడ్డంగా సాగిన మచ్చ, కొన్నిచోట్ల ఇంకా ఎర్రగా ఉంది. చేతులు అడ్డం పెట్టుకోబోయి, ఆగి, కిందికి దించింది. నాకు ఏడుపొచ్చింది. కనబడకూడదని ముఖం మీద నీళ్ళు చల్లుకున్నాను.

ఉమ్ జాఫర్ ఆ మచ్చను సూటిగానే చూసింది. కూతురితో అడిగించింది.

"నొప్పిగా ఉందా అంటోంది అమ్మ."

"లేదు."

"అయితే రమ్మంటోంది. ఉప్పునీళ్ళు మంచివంటోంది."

ప్రసన్న నడిచి వచ్చింది. మరియం మాత్రం ప్రసన్న ముందు నిలబడి నోరు తెరుచుకుని చూసి, వాళ్ళ భాషలో ఏదో అడిగింది. జహ్రా కసిరింది. ప్రసన్న పర్లేదన్నట్టు చెయ్యూపి, ఏమందో చెప్పమని ఖదీజాను అడిగింది.

"రెండోది ఎక్కడికి పోయిందంటోంది."

"జబ్బు చేస్తే డాక్టరు తీసేశాడని చెప్పండి."

"మళ్ళీ వస్తుందా అంటోంది."

"రాదు."

మరియం పెదవి ఎత్తి ఊడిపోయిన ముందుపన్ను జాగా చూపించింది. తనకు వస్తుందని అమ్మ చెప్పిందట. ఆ మాట చెప్పేసి గవ్వలు ఏరుకోవడానికి వెళ్ళిపోయింది. ప్రసన్న నవ్వింది. నడుము దాకా నీళ్ళలో కూర్చుని, తల వెనక్కి వాల్చి, కళ్ళు మూసుకుంది. రెండేళ్ళుగా ఎండ తగలని చోట ఎండ తగులుతోంది.

నేనేమో నానిన చుడీదారులోనే ఉన్నాను. ఆ పిల్లకు ధైర్యం చెబుదామని తీసుకొచ్చింది నేను. నా ఒంటి మీద ఆపరేషన్ కాన్పు గీత తప్ప ఏమీ లేదు. అయినా నా చేతులు బొత్తాల దాకా వెళ్ళి ఆగిపోతున్నాయి.

పది దాటాక పోటు మొదలైంది. చాపను గట్టు మీదికి జరుపుదామని ఖదీజా అంటుండగానే, జాఫర్ ఉన్న వైపు కాక తిన్నెకు రెండో వైపునుంచి మోటారు చప్పుడు వినబడింది. తెల్లటి పడవ ఒకటి, పాట పెట్టుకుని, నిలబడ్డ మగవాళ్ళతో నేరుగా వస్తోంది. జాఫర్ వీపు తిప్పుకుని ఉన్నాడు, అతనికి కనబడలేదు.

"జాఫర్!" అని ఖదీజా అరిచి, అరబ్బీలో ఏదో చెప్పింది. అతను మావైపు తిరగలేదు. లంగరు లాగి, ఇంజను వేసి, తల అవతలికే తిప్పుకుని, తిన్నె చుట్టూ పెద్ద చుట్టు తిరిగి పడవను వాళ్ళకు అడ్డంగా పెట్టాడు.

ఇక్కడ జహ్రా, ఖదీజా అబాయాలు లాక్కుని రెక్కల్లా పరిచి నిలబడ్డారు. నేనూ పరుగెత్తి వాళ్ళ పక్కన నిలబడ్డాను. వెనక ప్రసన్న నీళ్ళలో ముడుచుకుని రెండు చేతులూ గుండెల మీద పెట్టుకుంది. ఉమ్ జాఫర్ గౌను తొడుక్కుని వచ్చి, తన అబాయాను ఆ పిల్ల మీద కప్పి, తల మీద చెయ్యి పెట్టి అక్కడే కూర్చుంది. పడవల మధ్య మాటలు నడిచాయి. కాసేపటికి పాట ఆగింది. వచ్చినవాళ్ళలో ఒకడు చెయ్యి ఛాతీ మీద పెట్టుకుని మన్నించమన్నట్టు తల వంచాడు. పడవ వచ్చినదారినే వెనక్కి తిరిగింది.

"ఖలాస్, వెళ్ళిపోయారు" అంది ఖదీజా.

అందరం ఊపిరి పీల్చుకుని చాప వైపు చూశాం. నీళ్ళు చాపను ముంచాయి. గిన్నెలు తేలుతున్నాయి. ప్రసన్న సంచీ అంతదూరాన కొట్టుకుపోతోంది. నేను తెద్దామని పరుగెత్తబోయాను.

"వద్దక్కా. లోతుగా ఉందక్కడ."

"నీ బట్టలే, ప్రసన్నా. నీ..."

"అన్నీ అందులోనే ఉన్నై. పోనీండి."

ఇంక ముగిసిపోయింది, ఈ పిల్ల మళ్ళీ గది దాటి రాదు, నేనే తీసుకొచ్చి ఇంత పని చేశాననుకున్నాను. ఉమ్ జాఫర్ లేచి, గౌను మళ్ళీ తీసి ఖదీజా చేతికిచ్చి నీళ్ళలోకి నడిచింది. వెనక్కి తిరిగి "యల్లా, బేటీ" అంది. ప్రసన్న ఒక నిమిషం అలాగే కూర్చుంది. తర్వాత అబాయా తీసి నా చేతికిచ్చి, ఆవిడ వెంట వెళ్ళింది.

నేను చేతిలోని అబాయాను జహ్రాకు అందించి, బొత్తాలు విప్పాను. ఆరుబయట నీళ్ళు ఒంటికి నేరుగా తగలడం ఎలా ఉంటుందో ఎప్పుడో చిన్నతనంలో మరిచిపోయానని ఆ వేళ తెలిసింది. ఎక్కువసేపు కాదు. ఇసుక చేట వెడల్పుకు వచ్చేదాకా.

పడవ ఎక్కేముందు ఉమ్ జాఫర్ తన అబాయాను మళ్ళీ ప్రసన్నకే తొడిగి, తను గౌనుతో, తలగుడ్డతో ఉండిపోయింది. పడవలోనే, తడవకుండా మిగిలిన మచ్‌బూస్, పులిహోర తిన్నాం. పులిహోర జాఫర్‌కు నచ్చింది, కారానికి మాత్రం నీళ్ళు అడిగి మరీ తాగాడు. వెనక్కి చూస్తే జరాదా లేదు, పచ్చటి నీళ్ళే.

రేవులో, ముందే అనుకున్నట్టు, ప్రసన్న భర్త జాన్‌బాబు కారు పెట్టుకుని ఎదురుచూస్తున్నాడు. మేం దిగాం. అతను నాకు నమస్కారం పెట్టి, నల్లబట్టల్లో ఉన్న ఆడవాళ్ళ మీద చూపు నిలపకుండా, పడవ వైపు వెతుక్కుంటున్నాడు.

"ఏవండీ, నేనే" అంది ప్రసన్న.

అతను కంగారుపడ్డాడు. "ఇదేంటి? నీ బట్టలేవి?"

"సముద్రంలో పోయినై."

"అన్నీనా?"

"అన్నీ."

అతను భార్యను పైనుంచి కింది దాకా చూశాడు. చున్నీ మడతలు లేవు, దిండు లేదు. వదులుగా వేలాడుతున్న అబాయా కింద ఏమి ఉందో, ఏమి లేదో తెలుస్తూనే ఉంది. ఆ పిల్ల చేతులు అడ్డం పెట్టుకోలేదు. ఉమ్ జాఫర్ వెళ్ళబోతూ, ప్రసన్న తన అబాయా తిరిగిస్తుందేమోనని, వద్దని సైగ చేసి, ఆ పిల్ల రెండు బుగ్గలూ ముద్దు పెట్టుకుంది.

ఖదీజావాళ్ళ దగ్గర సెలవు తీసుకుని మేం ముగ్గురం కారెక్కాం. నేను వెనక కూర్చున్నాను. సిత్ర వంతెన మీద ఎండ నీళ్ళ మీద పడి కళ్ళు మిరుమిట్లు గొలుపుతోంది. ఈ దీవిలో ఇన్నేళ్ళున్నా, కప్పుకునేవాళ్ళు ఒంటిని చూసి సిగ్గుపడతారని, విప్పుకునేవాళ్ళు పడరని అనుకునేదాన్ని. సిగ్గుకూ బట్టలకూ నేననుకున్నంత చుట్టరికం లేదు. ఎవరు చూస్తున్నారు, ఎలా చూస్తున్నారు అన్నదే అంతా. చూడకుండా కూర్చున్న జాఫర్, సూటిగా చూసిన వాళ్ళమ్మ, ఇద్దరూ ఆ పిల్లకు ఒకటే మర్యాద ఇచ్చారు.

"బాగా జరిగిందా?" అని అడిగాడు జాన్‌బాబు, రోడ్డు మీదినుంచి చూపు తిప్పకుండా.

"జరిగింది. ఇంటికెళ్ళాక చెబుతా" అని ఆగి, ప్రసన్న కిటికీ అద్దం దించింది. "చెప్పడం కాదు. మీకు చూపించాలి. మధ్యాహ్నమే, లైటార్పకుండా."

జాన్‌బాబు కారు పక్కకు తీసి ఆపి, కళ్ళజోడు తీసి చొక్కా కొసతో తుడుచుకున్నాడు. చాలాసేపు తుడిచాడు. నేను కిటికీ వైపు తిరిగి, వీపు వాళ్ళకు పెట్టి, సముద్రాన్ని చూస్తూ కూర్చున్నాను.